వనజాక్షి చెప్పిన జవాబు

చంద్రరావు రాసిన మొదటి నాటకం చూసి పడీపడీ నవ్విన వాళ్ళలో ఆయన భార్య మాణిక్యాంబ ఒకతె. నవ్వవలసిన నాటకం కాదది. భర్త మీద బెంగతో నాయిక ప్రాణం విడిచే ఘట్టం.

గోదావరి మీద రైలు వంతెనకి స్తంభాలు లేస్తున్న రోజులవి. చంద్రరావు రాజమహేంద్రవరంలో బడిపంతులు. మాణిక్యాంబ ఎదురొడ్డున కొవ్వూరు పిల్ల. కాపురానికి వచ్చేటప్పుడు పుట్టింటివాళ్ళు కట్టి ఇచ్చిన సున్నుండలు ఇంకా డబ్బాలో మిగిలే ఉన్నాయి. మొగుడు నాటకం రాశాడంటే ఆమెకి ఒళ్ళంతా సంబరం. నాటకం ఆడే పాకలో ఆడవాళ్ళ కోసం ఓ పక్కగా కట్టిన వెదురు తడిక వెనక, అత్తగారు వీరవేణమ్మ పక్కన, కొత్త చీర గరగరలాడించుకుంటూ కూర్చుంది.

తెర లేచింది. ఆడవేషం కట్టిన అచ్చిబాబు పొయ్యి ముందు కూర్చుని, ఊదుగొట్టం చేతపట్టుకుని, "హా ప్రాణేశ్వరా! భవద్వియోగదావానలశిఖాసంతప్తనగు నేను ఈ పొయ్యి నెట్లు రగిల్చెదను?" అన్నాడు.

మాణిక్యాంబ కొంగు నోట్లో కుక్కుకుంది. లాభం లేకపోయింది. ఆమె నవ్వు తడిక దాటి బయటపడింది. దాని వెంట మిగిలిన ఆడవాళ్ళ నవ్వూ బయటపడింది. ఆఖరికి అచ్చిబాబుకే నవ్వు ఆగక, చచ్చిపోవలసిన మనిషి లేచి లోపలికి వెళ్ళిపోయాడు.

చంద్రరావు కోపిష్టి కాడు. మర్నాడు పొద్దున్న చద్దన్నం తింటూ, మనసులో ముల్లులా ఉన్న మాట మెల్లిగా బయటపెట్టాడు.

"ఎందుకు నవ్వావు?"

"తప్పయిపోయిందండి."

"తప్పూ ఒప్పూ తరవాత. ఎందుకు నవ్వావో చెప్పు."

మాణిక్యాంబ వంటింటి గుమ్మం అవతల నించుని, తలుపు చెక్క గోటితో గీస్తూ, "ఆవిడలోనే అంత మంట ఉంటే ఇంక ఊదుగొట్టం ఎందుకండీ?" అంది.

చంద్రరావు ముద్ద మింగి, "మరి నువ్వయితే ఏమంటావు?" అన్నాడు.

"నేనయితే మొగుడి మాటే ఎత్తను. పొయ్యిలో పుల్లల్ని తిడతాను. 'చినుకు పడితే చాలు, మీకూ బెట్టు వచ్చేస్తుంది. ఊదగా ఊదగా నాకు కళ్ళనీళ్ళు వస్తేగాని అంటుకోరు కదా' అంటాను. కళ్ళనీళ్ళు ఎందుకొచ్చాయో వినేవాళ్ళకి తెలియదాండి?"

చంద్రరావు చెయ్యి కడుక్కోవడం కూడా మరిచిపోయి, ఎడం చేత్తో పలక అందుకున్నాడు.

ఆయన పద్యం రాస్తే దానికి వంక పెట్టగలిగినవాడు ఊళ్ళో లేడు. మాటల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆయన మనుషులందరూ ఒకళ్ళకొకళ్ళు పాఠాలు చెప్పుకుంటున్నట్టే ఉండేవాళ్ళు. మాణిక్యాంబకి పద్యం రాదు. కాని కొవ్వూరులో వాళ్ళ ఇల్లు స్నానాల రేవుకి దగ్గర. చిన్నప్పుడు బిందె ఒళ్ళో పెట్టుకుని మెట్ల మీద కూర్చుంటే, ఊళ్ళో ఆడవాళ్ళ మాటలన్నీ ఆమె చెవిన పడేవి. కోపం వచ్చిన పెద్దకోడలు తోటికోడల్ని పసుపుకొమ్ము ఎలా అడుగుతుందో, మొగుడు ఊళ్ళో లేని ఇల్లాలు ఎవరూ అడగకుండానే అతని కబుర్లు ఎలా చెబుతుందో ఆమెకి తెలుసు. ఇది ఒక విద్య అని ఆమెకి ఎవరూ చెప్పలేదు.

అలా మొదలైంది వాళ్ళ పద్ధతి. సాయంత్రం బడి నుంచి వచ్చాక చంద్రరావు వంటింటి గుమ్మానికి ఇవతల పీట వేసుకుని కూర్చునేవాడు. అవతల మాణిక్యాంబ కత్తిపీట ముందు కూర్చునేది. ఆయన మగవాళ్ళ మాటలు పైకి అనేవాడు. ఆమె ఆడవాళ్ళ జవాబులు చెప్పేది. బాగున్న జవాబు పలక మీదికెక్కేది. బాగాలేనిది కూరలో కలిసిపోయేది. కందా బచ్చలీ తరిగి పొయ్యి మీద పడేసేలోపు ఒక రంగం అయిపోతే, ఆ రోజు కూర ఎలా ఉన్నా ఇద్దరికీ అమృతంలా ఉండేది.

ఒకటే చిక్కు వచ్చింది. ఒకనాడు చంద్రరావు రౌద్రంగా, "నిన్ను ఈ క్షణమే పరిత్యజించుచున్నాను, పో!" అనేసరికి, పెరట్లో ఉన్న వీరవేణమ్మ లబలబలాడుతూ పరిగెత్తుకొచ్చింది.

"ఒరే చంద్రం! బంగారంలాంటి పిల్లని పట్టుకుని ఏంట్రా ఆ మాటలు? నీ తండ్రి ఉంటే నీ వీపు చిట్లగొట్టేవాడు!"

"అమ్మా, ఇది నాటకమే."

"నాటకమని నాకెలా తెలుస్తుందిరా? మొహం మీద రాసుందా?"

అందుకని ఒక ఏర్పాటు చేసుకున్నారు. బడికి పెట్టుకెళ్ళిన తలపాగా నెత్తి మీద ఉన్నంతసేపూ చంద్రరావు నాటకంలో మనిషి. తీసి చిలక్కొయ్యకి తగిలిస్తే ఇంట్లో మనిషి. వీరవేణమ్మ ఏదైనా అరుపు వినిపిస్తే తల తిప్పి ఒకసారి తలపాగా చూసుకుని, మళ్ళీ పప్పులో రాళ్ళు ఏరుకునేది.

రెండో నాటకం ఊరిని ఊపేసింది. కొవ్వూరు నుంచి పడవలెక్కి వచ్చి మరీ చూశారు. మొగల్తూరు భూస్వామి పల్లంరాజుగారు నాటకాల పిచ్చితో రాజమహేంద్రవరంలో ఒక కంపెనీ పెట్టి, అందులో దుష్టపాత్రలన్నీ తానే వేస్తుండేవాడు. ఆయన ఆ నాటకాన్నీ అచ్చిబాబునీ తన కంపెనీకి తీసుకున్నాడు. కరపత్రాల మీద చంద్రరావు పేరు పెద్ద అక్షరాలతో అచ్చయింది. మాణిక్యాంబ పేరు లేదు. ఉండాలని ఆమెకీ తోచలేదు. ఇంటి ఇల్లాలి పేరు సంతలో పంచే కాగితం మీద వేస్తే వీధిలో తలెత్తుకోలేమని అందరూ అనుకునే కాలం అది. ఆమెకి కావలసిన సుఖం వేరే ఉంది. తడిక వెనక కూర్చున్నప్పుడు, పొద్దుట బెండకాయలు తరుగుతూ తను అన్న మాట అచ్చిబాబు నోట్లోంచి వచ్చేది. వెంటనే ఏ మూలో ఓ ముసలావిడ, "అవునే తల్లీ" అనేది. ఆ "అవునే తల్లీ" కోసం మాణిక్యాంబ ఎన్ని బెండకాయలైనా తరగగలదు.

ఆ మాటలు ఎలా పలకాలో తెలుసుకోవడానికి అచ్చిబాబు ఇంటికి వచ్చేవాడు. నాయిక వేషాల కోసం జుట్టు పెంచి ముడి వేసుకున్న కుర్రాడు, మర్యాదస్తుడు. అతను వీధి అరుగు మీద కూర్చునేవాడు. మాణిక్యాంబ తలుపు వెనక నుంచి చెప్పేది.

"అక్కయ్యగారండీ, ఇక్కడ ఏడవాలాండి, కోప్పడాలాండి?"

"రెండూ కాదు తమ్ముడూ. గిన్నె గట్టిగా కింద పెట్టు."

"స్టేజీ మీద గిన్నె లేదండి."

"లేకపోతే పట్టుకెళ్ళు. మా ఇంట్లోదే ఇస్తాను."

మూడో నాటకం మొదలుపెట్టేసరికి మాణిక్యాంబకి ఇది ఇంటిపనుల్లో ఒక పనిగా అలవాటైపోయింది. అన్నిటికంటే ఇష్టమైన పని. ఇందులో నాయిక పేరు వనజాక్షి. ఆమె భర్త కేశవుడు రంగూను వెళ్ళడానికి బయల్దేరతాడు. అతను లేనప్పుడు రేవు గుత్తేదారు ఆమెని వేధిస్తాడు. కేశవుడు సెలవు అడిగే రంగం దగ్గర ఇద్దరూ ఆగిపోయారు. వనజాక్షి ఏమంటుంది? మాణిక్యాంబ ఒకటి చెప్పేది, మర్నాటికి అదే ఆమెకి నచ్చేది కాదు.

అలాంటి ఒక సాయంత్రం చంద్రరావు ఇంటికి ఆలస్యంగా వచ్చాడు. మొహం వెలిగిపోతోంది. ఊపిరి అందడం లేదు. గుమ్మం ఇవతల పీట వేసుకోకుండా నిలబడే మాట్లాడాడు.

"నేను దూరం వెళ్ళవలసి వచ్చేటట్టుంది. ఏడాదిపాటు. నాలాంటి వాడికి ఇలాంటి అవకాశం మళ్ళీ రాదు. కాని నిన్ను తీసుకెళ్ళడానికి వీల్లేదు. నువ్వేమంటావు?"

మాణిక్యాంబ తలెత్తి చూసింది. నెత్తి మీద తలపాగా ఉంది. సరే, కేశవుడు వచ్చాడు. ఇవాళ మాటలు కూడా తిన్నగా, మనిషి మాటల్లా ఉన్నాయి. ఆమెకి హుషారు పుట్టింది. చేతిలో అరటికాయ పక్కన పెట్టి, వనజాక్షి వీపులా తన వీపు నిటారు చేసి, ఎదురుచూస్తున్న జవాబు దానంతట అదే వస్తుంటే చెప్పింది.

"వెళ్ళిరండి. కొంగు పరిచి మీ దారికి అడ్డం పడుకునే మనిషిని కాను. ఇంట్లో దీపం పెట్టడం నాకు చేతనవును. మీరు మాత్రం అక్కడ ఏ పొద్దున్నో ఏడుపొస్తే, మా ఆవిడ ఏడవలేదు, నేనెందుకు ఏడవాలని అనుకోకండి."

చంద్రరావు కళ్ళలో నీళ్ళు నిలిచాయి. "అలాగే," అని, గిర్రున తిరిగి వచ్చిన దారినే బయటికి వెళ్ళిపోయాడు.

మాణిక్యాంబ మురిసిపోయింది. ఇన్నాళ్ళూ మాట చెబుతుంటే కొయ్యలా నిలబడే మనిషికి ఎంత నటన వచ్చింది! ఒకటే లోటు. అంత మంచి జవాబు చెబితే పలక మీద రాసుకోకుండానే వెళ్ళిపోయాడు. మరిచిపోకుండా ఆ మాటలు నాలుగుసార్లు అనుకుంటూ అరటికాయ వేపుడు చేసింది. ఆయన బాగా పొద్దుపోయి ఇల్లు చేరేసరికి ఆమె నిద్రపోయింది.

మర్నాడు అచ్చిబాబు అరుగు మీదికి వచ్చి, "మీరు గొప్పవారండి అక్కయ్యగారూ," అన్నాడు.

"ఏంటి తమ్ముడూ, పొద్దున్నే?"

"మేష్టారిని పిఠాపురం పంపడానికి ఒప్పుకున్నారటగా. మా రాజుగారు పొంగిపోతున్నారండి. అక్కడ ఊరి పెద్దలు రేకుల నాటకశాల కట్టించారు, ఏడాది మకాం. మేష్టారు బడికి సెలవు పెట్టి మాతో ఉంటారు, ఇంక రాయడమే పని. కంపెనీ ఇంట్లో ఆడవాళ్ళు ఉండకూడదు కదాండి, మీరేమంటారోనని మేష్టారు భయపడ్డారు. నిన్న సాయంత్రం వచ్చి, మా ఆవిడ నవ్వుతూ పంపిస్తోందని చెప్పి మాట ఇచ్చేశారు."

మాణిక్యాంబ తలుపు పట్టుకుని నిలబడింది. పిఠాపురం రైల్లో ఎంతో దూరం కాదు. కుక్కుటేశ్వరుడి గుడికి చిన్నప్పుడు వెళ్ళింది కూడా. అయినా ఏడాదిపాటు గుమ్మానికి ఇవతల పీట మీద ఎవరూ ఉండరు. తను కూరలు తరుగుతుంది. అవి ఒట్టి కూరలు అవుతాయి.

సాయంత్రం చంద్రరావు రాగానే ముందు తలపాగా తీయించింది. తీసి చిలక్కొయ్యకి తగిలించాక అడిగింది.

"ఏవండీ, పిఠాపురం ఎవరు వెడుతున్నారు?"

"నేనే. నిన్న చెప్పానుగా. నువ్వు వెళ్ళమన్నావు."

"నేనా!"

"కొంగు పరిచి అడ్డం పడుకోనన్నావు. దీపం పెట్టడం చేతనవునన్నావు. దారంతా ఆ మాటే తలుచుకుంటూ వెళ్ళాను."

"అయ్యో, అది వనజాక్షి అందండి!"

చంద్రరావు చిలక్కొయ్య వైపు చూశాడు. "నిన్న తలపాగా తియ్యలేదా నేను?"

"తియ్యలేదు. రాజుగారి మాట విన్న సంతోషంలో మరిచిపోయుంటారు. నేను కేశవుడనుకున్నాను. కళ్ళనీళ్ళు కూడా పెట్టుకుంటే, ఆహా నటన వచ్చిందనుకున్నాను."

"అవి నిజం నీళ్ళే!"

వీరవేణమ్మ పెరటి గుమ్మంలోంచి తొంగి చూసింది. "ఇద్దరూ ఏ అంకంలో ఉన్నారురా? వడ్డించమంటారా, తెర పడ్డాక తింటారా?"

ఇద్దరికీ నవ్వొచ్చింది. కాని ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. చంద్రరావు గొంతు తగ్గించి అడిగాడు.

"పోనీ, ఇప్పుడు చెప్పు. వనజాక్షి కాదు, నువ్వు. వెళ్ళనా, వద్దా?"

మాణిక్యాంబ నోరు తెరిచింది. వనజాక్షి అయితే ఈపాటికి మూడు జవాబులు చెప్పేది. మాణిక్యాంబకి ఒక్కటీ రాలేదు. అత్తగారు వింటోంది. పిల్లలకి నదులూ కొండలూ వల్లె వేయించడం మాని రాసుకుంటూ బతకాలని ఆయనకి ఎంత కోరికో ఆమెకి తెలుసు. వద్దు అంటే, మొగుడి వృద్ధికి అడ్డం పడ్డ మనిషి అవుతుంది. వెళ్ళండి అనడానికి నాలుక తిరగదు.

"మీ ఇష్టం," అంది.

అనగానే తెలిసింది, ఇంత చచ్చిన మాట వాళ్ళ మూడు నాటకాల్లోనూ ఏ ఆడమనిషీ అనలేదని.

చంద్రరావు, "మాట ఇచ్చేశాను మరి," అన్నాడు. తరవాత ఆమెకి ధైర్యం చెబుతున్నట్టు, "ఏముంది, నేను అక్కడ కేశవుడి మాటలు రాస్తాను, నువ్వు ఇక్కడ వనజాక్షి మాటలు రాయి. టపాలో కలుపుకుందాం," అన్నాడు.

ఎలా ఉంటుందో చూద్దామని ఆ ఆదివారమే పరీక్ష పెట్టుకున్నారు. కేశవుడు రంగూను నుంచి తిరిగి వచ్చే రంగం. ఆయన వీధిగదిలో పలకతో, ఈమె వంటింట్లో ఇంకో పలకతో. మధ్య తలుపు వేశారు. వంటయ్యేసరికి ఇద్దరూ రాసింది తెచ్చి పక్కపక్కన పెట్టుకుని చదివారు. కేశవుడు ఇంకా రేవులోనే నిలబడి గోదావరి మీద వెన్నెలని వర్ణిస్తున్నాడు. వనజాక్షి అప్పటికే అతనికి కాళ్ళకి నీళ్ళిచ్చి, విస్తరి వేసి, మజ్జిగ కూడా పోసేసింది.

వీరవేణమ్మ పక్కన కూర్చుని వింది. "వాడు రేవులో ఉంటే మజ్జిగ ఎవరికి పోసిందే అమ్మాయ్?" అని అడిగింది.

ఈసారి చంద్రరావు నవ్వలేదు. పలక చెరిపేసి గోడకి ఆనించాడు.

బయల్దేరే ముందురోజు పొద్దున్న పల్లంరాజుగారు అచ్చిబాబుని వెంటబెట్టుకుని స్వయంగా వచ్చాడు. నిలువెత్తు మనిషి. ఆయన కూర్చుంటే అరుగు చిన్నదైపోయింది. లోపల వీరవేణమ్మ కొడుకు పంచెలు మడతపెట్టి రేకుపెట్టెలో సర్దుతోంది. మాణిక్యాంబ వీధి తలుపు వెనక రోలు ముందు కూర్చుని మినప్పప్పు రుబ్బుతోంది.

"ఏమండోయ్ మేష్టారూ, రేపటి రైలే. పెట్టె సర్దుకున్నారా?"

"సర్దుతోంది అమ్మ. రాజుగారూ, మీకో మాట చెప్పాలి."

"చెప్పండి."

చంద్రరావు గొంతు సవరించుకున్నాడు. మళ్ళీ సవరించుకున్నాడు. లోపల రోలు చప్పుడు ఆగింది.

"నా నాటకాల్లో ఆడవాళ్ళ మాటలు నావి కావండి."

"ఎవరి దగ్గరన్నా ఎత్తుకొచ్చారా ఏంటి?"

"మా ఇంట్లోంచేనండి. మా ఆవిడవి."

పల్లంరాజుగారు పకపకా నవ్వాడు. "ఓస్, అంతేనా! భార్యన్నాక ఓ మాట అందిస్తుంది. మా ఆవిడా అందిస్తుంది, ఒక్కోసారి చేటతో కూడా అందిస్తుంది. దాన్ని నాటకమంటామా?"

"ఒకటీ అరా కాదండి, అన్నీ. అచ్చిబాబుని అడగండి."

అచ్చిబాబు జుట్టుముడి సవరించుకుంటూ, "అవునండి. నాకు నేర్పేది కూడా అక్కయ్యగారేనండి. గిన్నె కూడా వారిదేనండి," అన్నాడు.

రాజుగారి నవ్వు ఆగిపోయింది. "అయితే ఇన్నాళ్ళూ స్టేజీ మీద నన్ను నోరెత్తనివ్వకుండా చేసింది ఓ ఆడకూతురా?" అన్నాడు. దుష్టపాత్రలు వేసే మనిషికి కూడా పౌరుషం ఉంటుంది. ఆయన మీసం దువ్వి, అరుగు మీద సర్దుకుని, తలుపు వైపు తిరిగి, పాకలో ఆఖరి వరసకి వినబడే గొంతుతో గర్జించాడు.

"ఓసి వనజాక్షీ! ఈ రేవు నాది! ఈ పడవ నాది! నన్ను కాదని నువ్వు అవతలి ఒడ్డుకి ఎలా వెడతావే?"

వీధిలో పోయేవాళ్ళు ఇద్దరు ఆగారు. తలుపు వెనక మాణిక్యాంబ చేతి నిండా పిండి. అంత పెద్దమనిషికి ఎదురు జవాబు చెప్పడమా? ఆమె అత్తగారి వైపు చూసింది. వీరవేణమ్మ దగ్గరికొచ్చి మోచేత్తో పొడిచి, "అడుగుతున్నాడుగా, చెప్పు. మన ఇంట్లో మూగవాళ్ళున్నారనుకుంటాడు," అంది.

"రేవు నీదే గుత్తేదారూ, కాదన్నదెవరు?" తలుపు వెనక నుంచి గొంతు నెమ్మదిగా వచ్చింది. "కచేరీలో వేలం పాడుకున్నావు. పడవా నీదే, నీ చేత్తోనే తారు పూసుకున్నావు. గోదారి ఎవరిదో చెప్పు, వాళ్ళని అడిగి దాటతాను."

"ఈదుతావా? మొసళ్ళున్నాయి జాగ్రత్త!"

"పొద్దున్నే నీ మొహం చూసి నీళ్ళు పట్టుకెళ్ళే దాన్ని. మొసలిని చూస్తే జడుసుకుంటానా?"

వీధిలో ఆగినవాళ్ళు గొల్లుమన్నారు. రాజుగారు వెంటనే ఇంకో మాట అనబోయి, అది దొరక్క, గాల్లోకి లేపిన చెయ్యి అలాగే పట్టుకుని ఉండిపోయాడు. తరవాత ఆ చేత్తోనే తొడ మీద ఫెళ్ళున చరుచుకుని నవ్వాడు.

"మేష్టారూ, మీరు ఇక్కడే ఉండండి. ఆవిణ్ణి పంపించండి!"

"ఆవిడొక్కతే వచ్చినా లాభం లేదండి. నేను ఎదురుగా మాట్లాడితేగాని ఆవిడకి జవాబు రాదు."

"నేను మాట్లాడినా వచ్చిందిగా?"

చంద్రరావు మొహం కొంచెం చిన్నబోయింది. తలుపు వెనక నుంచి మాణిక్యాంబ గబగబా, "మీరు అరిచారు గనక తిట్లు వచ్చాయండి. కేశవుడి మాటలకి మీరు పనికిరారు," అంది.

"అంతేలెండి, మనకి సరసం అచ్చిరాదు," అని రాజుగారు ఒప్పుకున్నాడు. తరవాత నవ్వు తగ్గించి, పనిలోకి వచ్చాడు. "సరే మేష్టారూ, ఇదంతా బాగానే ఉంది. కంపెనీ ఇంట్లో సంసారాన్ని పెట్టలేను. మీరు మాట ఇచ్చారు. వస్తారా, రారా? ఇంట్లో కనుక్కుని ఒక్క మాట చెప్పండి."

చంద్రరావు లేచి తలుపు దగ్గరికి వచ్చాడు. వీధిలో వాళ్ళు వింటున్నారు, తల్లి వింటోంది. ఆయన అవేమీ చూసుకోలేదు.

"మాణిక్యం, నేను వెళ్ళనా, ఉండనా?"

మాణిక్యాంబ వనజాక్షి కోసం వెతుక్కుంది. ఆవిడ ఎక్కడా లేదు. గుత్తేదారుతో పాటే ఆవిడా వెళ్ళిపోయినట్టుంది. మిగిలింది పిండి చేతులతో తను. వద్దంటే ఆయనకి ఏం పోతుందో తెలుసు. వద్దనకపోతే తనకేం పోతుందో కూడా తెలుసు. ఆమె తలుపు ఓరగా తీసింది. మొట్టమొదటిసారి పరాయి మగవాళ్ళ ముందు ఆమె మొహం కనిపించింది.

"ఉండండి," అంది.

ఇంకేదో వస్తుందేమోనని రాజుగారు ఎదురుచూశాడు. రాలేదు.

"ఇంతేనా? గుత్తేదారుకి అన్ని మాటలు చెప్పి, మొగుడికి ఒక్కటేనా అమ్మా?"

"నాకు చాలండి," అన్నాడు చంద్రరావు. "రాజుగారూ, నేను రావడం లేదు. మాట తప్పుతున్నాను. మీరేమన్నా పడతాను."

రాజుగారు అనవలసినవన్నీ అన్నాడు. చదువుకున్నవాళ్ళ మాట నమ్మడం తన బుద్ధితక్కువ అన్నాడు. పిఠాపురం పెద్దలకి మొహం ఎలా చూపించాలన్నాడు. వీరవేణమ్మ పంపిన మజ్జిగ తాగి మళ్ళీ కొంత అన్నాడు. ఆఖరికి లేచి, కండువా దులుపుకుంటూ, "ప్రస్తుతానికి పాత నాటకాలే ఆడతాం. వానాకాలంలో ఆ రేకుల మీద చినుకు పడితే పక్కవాడి మాట కూడా వినబడదు, ఎలాగూ ఆటలుండవు. అప్పుడు నేనే ఇక్కడికి వస్తాను. ఈ నాటకం అయిపోయి ఉండాలి. లేకపోతే ఇంకో రాసేవాణ్ణి చూసుకుంటాను, తరవాత అనుకుని లాభం లేదు," అన్నాడు. వీధి మలుపు దగ్గర వెనక్కి తిరిగి, "గుత్తేదారు మాటలు పెంచండి! ఆవిడ జవాబులు తగ్గించినా పర్వాలేదు!" అని అరిచాడు.

చంద్రరావు లోపలికి వచ్చి పెట్టె పక్కన చతికిలబడ్డాడు. సోమవారం మళ్ళీ బడికి వెళ్ళి నదులూ కొండలూ చెప్పాలి. అదేమీ చిన్న విషయం కాదని మాణిక్యాంబకి తెలుసు. ఆమె చేతులు కడుక్కుని వచ్చి, పెట్టెకి ఇవతలి పక్కన కూర్చుంది.

"బాధగా ఉందాండి?"

"కొంచెం ఉంది," అన్నాడాయన. అబద్ధం చెప్పలేదు. తరవాత, "అడిగినప్పుడే చెప్పి ఉంటే రాజుగారి చేత ఇన్ని తిట్లు తినేవాణ్ణి కాదు కదా," అన్నాడు.

"అప్పుడు రాలేదండి. ఇవాళ వచ్చింది."

వీరవేణమ్మ వచ్చి ఇద్దర్నీ చూసింది. "సర్దింది నేనూ, తియ్యవలసిందీ నేనేనా?" అని, మూత ఎత్తి పైనున్న పంచె కొడుకు ఒళ్ళోకి విసిరింది. మాణిక్యాంబ అవతలి కొస పట్టుకుంది. మడత విప్పుతుంటే, ఉతికి నీరెండలో ఆరేసిన పంచె వాసన గదంతా వచ్చింది.